మూడో పేజీ అటుపక్క

మేనమామ ఆఫీసు నుంచి కాగితం వచ్చిందంటే లాయరమ్మ ముందు చదవదు, తిరగేస్తుంది. పన్నెండేళ్ళు ఆయన దగ్గర జూనియరుగా పనిచేసినప్పుడు అంటుకున్న అలవాటది. ఆ ఆఫీసులో ఒకవైపే అచ్చయిన కాగితాన్ని చింపితే ఆయన ప్రాణం విలవిల్లాడిపోయేది. కమిషన్‌లో దాఖలు చేసే ప్రతికి మాత్రమే కొత్త తెల్లకాగితం. తన ఫైలుకీ, ఎదుటివాళ్ళకిచ్చే కాపీకీ పాత చిత్తుల వెనకవైపు. పాత అచ్చు మీద పెన్నుతో అడ్డంగా ఒక గీత కొడితే చాలు, ఆ పక్క చచ్చిపోయినట్టే లెక్క.

ఆవేళ పొద్దున పదిగంటలకి వచ్చిన జవాబు తొమ్మిది పేజీలు. మధ్యాహ్నం రెండున్నరకి వినియోగదారుల కమిషన్‌లో విచారణ. చివరి నిమిషంలో కాపీ పంపడం మేనమామ పాత విద్యే. ఎదుటివాళ్ళకి చదువుకునే వ్యవధి ఉండకూడదు, అలాగని ఇవ్వలేదన్న మాటా పడకూడదు.

కేసు చిన్నదే. ఒక ఈత టీచరు మొగుడి దెబ్బలు పడలేక విడిగా వచ్చేసి, అడ్రసు ఎవరికీ చెప్పకుండా మూడో అంతస్తులో ఒక గది తీసుకుంది. వెంట తెచ్చుకున్న వాషింగ్ మెషీన్ ఆగిపోయింది. దాన్ని కొన్ననాడు కంపెనీకిచ్చింది మొగుడి ఫోన్ నంబరు. ఆ నంబరు తీసేసి తనది పెట్టమని ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసి చెప్పింది. మూడుసార్లూ అవతలి అమ్మాయి "అలాగే మేడమ్" అంది. మెకానిక్ వచ్చే టైమూ, కొత్త ఇంటి అడ్రసూ ఉన్న మెసేజి మాత్రం నేరుగా మొగుడి ఫోనుకే పోయింది. మెకానిక్ నాలుగింటికి వచ్చాడు. మొగుడు మూడున్నరకే వచ్చాడు. ఆవిడ ఎడమచేతి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

జరిగిందంతా మెకానిక్ ఆ సాయంత్రమే కంపెనీకి రాసి పంపాడు. కంపెనీ మాత్రం ఆవిడతో ఒక్క మాట చెప్పలేదు. మొగుడికి అడ్రసు ఎలా తెలిసిందని ఆవిడే తలబద్దలుకొట్టుకుని, పదకొండో రోజున నిలదీసి అడిగితే అప్పుడు ఒప్పుకున్నారు. ఆవిడ మళ్ళీ ఇల్లు మారింది. ఈ రెండో ఇంటి అడ్రసు తెలిసినవాళ్ళు ముగ్గురు: ఆవిడ అక్క, లాయరమ్మ, లాయరమ్మ గుమాస్తా.

అందుకే ఫిర్యాదులో ఆవిడ ఇంటి అడ్రసు రాయకుండా లాయరమ్మ ఆఫీసు అడ్రసే రాశారు. అలా ఒప్పుకోమంటూ మొన్న సాయంత్రం నాలుగు పేజీల దరఖాస్తు వేసి, కాపీ మేనమామకి అందజేశారు. కంపెనీ తరఫు లాయరు ఆయనే. ఇవాళ్టి విచారణ ఆ దరఖాస్తు మీదే.

మేనమామ జవాబులో రెండో పేరా ఇలా ఉంది: "ఫిర్యాదుదారు తన సంసారపు గొడవని మా వాషింగ్ మెషీన్‌లో పడేసి ఉతికించుకోవాలని చూస్తున్నారు. ఎక్కడుంటారో చెప్పుకోలేని మనిషికి న్యాయం ఎక్కడికి తెచ్చి ఇవ్వాలి?"

"ముసలాయనకి నోరు ఇంకా అరగలేదు" అనుకుంటూ లాయరమ్మ ఏడో పేజీ తిరగేసి, చటుక్కున కూర్చుంది.

అటుపక్క ఒక పట్టిక ఉంది. కంపెనీ రిపేరుకి మెకానిక్‌లని పంపిన ఇళ్ళ జాబితా. పద్నాలుగు పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు, ఇంట్లో మనుషులుండే వేళలు. ఒక పేరు పక్కన "ముసలావిడ, ఒక్కరే ఉంటారు, గట్టిగా బెల్లు కొట్టాలి" అని కూడా ఉంది. వీటన్నిటి మీదుగా ఒక నీలం గీత.

"గుమాస్తా గారూ!" అని కేకేసింది.

గుమాస్తా అరవై దాటిన మనిషి. ఏ కాగితం కనబడినా "అటుపక్క ఖాళీయేనా?" అని అడుగుతాడు గనక కోర్టు ఆవరణలో ఆయనకి అటుపక్కగారు అని పేరు. ఆయన వచ్చి, కళ్ళజోడు పైకి తోసి, పట్టిక చూసి చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"దొరికాడమ్మా మీ మావయ్య! జనాల వివరాలు జాగ్రత్తగానే దాస్తున్నామని అటువైపు రాసి, ఇటువైపు ఊరందరి వివరాలూ మన చేతిలో పెట్టాడు. ఇవాళ కమిషన్‌లో దీన్ని జెండాలా ఎగరేయాలి."

లాయరమ్మకీ నవ్వొచ్చింది. ఆయన్ని వదిలి బయటికొచ్చాక పేరుకున్న తొమ్మిదేళ్ళ కసి ఒక్కసారి పొంగింది. ఎలా లేవాలో, కాగితం ఎలా పైకెత్తాలో, ఆయన ముఖం ఎలా మాడిపోతుందో అన్నీ కళ్ళకి కట్టాయి.

"ఇంత తెలివితక్కువ పని ఎలా చేస్తారండీ ఎవరైనా?" అంది.

"అలవాటమ్మా. నేనక్కడ ముప్ఫై ఏళ్ళు చేశాను కదా. చెయ్యి దానంతటదే చిత్తుకాగితాల ట్రేలోకి పోతుంది" అన్నాడు గుమాస్తా.



మేనమామ దగ్గర్నుంచి బయటికొచ్చేటప్పుడు లాయరమ్మ వెంట వచ్చినవి రెండే. గుమాస్తా, ఆయన పొదుపు. కిటికీ కింద పచ్చరంగు ట్రే, అందులో ఒకవైపే అచ్చయిన కాగితాలు. ఇద్దరూ ఒకేసారి అటు చూశారు.

"మొన్న మావయ్యకిచ్చిన కాపీ దేని మీద తీశారు?" అంది లాయరమ్మ. గొంతు మామూలుగానే వచ్చింది.

గుమాస్తా ట్రే దగ్గరికెళ్ళి ఒక్కో కాగితం తీశాడు. రెండుసార్లు తీశాడు. ఆయన వెతికేది అందులో లేదు.

"మొదటి చిత్తు... అడ్రసుతో టైపు చేశానమ్మా. మీరు వద్దన్నారు, అడ్రసు తీసేయమన్నారు. కొత్తది తీశాను. పాతది..."

"చింపేయమన్నాను."

"వెనక అంతా ఖాళీగా ఉందమ్మా. గీత కొట్టి, మూడో పేజీ దాని మీదే తీశాను."

ఎదుటివాళ్ళకి అడ్రసు తెలియకూడదని వేసిన దరఖాస్తుని అదే అడ్రసు వెనకవైపు అచ్చువేసి, వాళ్ళ చేతికే ఇచ్చి, అందినట్టు సంతకం కూడా పెట్టించుకుని వచ్చారు. గోడ గడియారంలో పదీ నలభై అయింది.

* * *

మేనమామ ఆఫీసు రోడ్డు దాటితే రెండో మేడ. మెట్ల దగ్గర కూర్చునే మనిషి ఆమెని తొమ్మిదేళ్ళ తర్వాత చూసినా ఏమీ అడగకుండా తలుపు తీసిపట్టుకున్నాడు. ఆ పొద్దు ఆమెకి దక్కిన మర్యాద అదొక్కటే.

"ఏమ్మాయ్, నా జవాబు అంత నచ్చిందా? మెచ్చుకోవడానికి పరిగెత్తుకొచ్చావు?" అన్నాడు మేనమామ, కుర్చీలోంచి కదలకుండా.

"మావయ్యా..."

"మావయ్య అనాలంటే ఇంటికి రా. తొమ్మిదేళ్ళలో దారి మరిచిపోయినట్టున్నావు. ఇక్కడ సర్ అను."

"సర్. మొన్న మేమిచ్చిన కాపీలో మూడో పేజీ మారిపోయింది. అది తిరిగివ్వండి. మంచి పేజీ తెచ్చాను."

"మూడో పేజీ శుభ్రంగానే ఉందే. ఒక్క అచ్చుతప్పు లేదు."

"అటుపక్క."

మేనమామ కళ్ళద్దాలు తీసి, పంచె అంచుతో తీరిగ్గా తుడుచుకున్నాడు. "కాగితం రాగానే ముందు తిరగేసి చూడమని నీకు నేర్పిందెవరు?"

"మీరే."

"నీకు నేర్పి నేను మరిచిపోయాననుకున్నావా?"

ఆమె బల్ల దగ్గరికి జరిగింది. "కంపెనీకి పంపారా?"

"నాకొచ్చిన ప్రతి కాగితమూ ఆ సాయంత్రానికల్లా స్కాన్ అయి కంపెనీకి పోతుంది. ఇక్కడున్నన్నాళ్ళూ నువ్వే పంపేదానివి."

"ఇది పంపారా అని అడుగుతున్నాను."

"అడుగు."

"ఆ మనిషి కంపెనీకి ఒక్క ఫోన్ చేస్తే అడ్రసు చదివి వినిపిస్తారు సర్. అలాగే జరిగిందొకసారి."

"అది నువ్వు రుజువు చేయాల్సిన సంగతి. నా చేత ఒప్పించకు."

లాయరమ్మ సంచిలోంచి ఏడో పేజీ తీసి, పట్టిక ఉన్న పక్క తనవైపే ఉంచి చూపించింది. "మీ కాపీకీ అటుపక్క ఉంది. పద్నాలుగు ఇళ్ళు. ఒక ముసలావిడకి బెల్లు గట్టిగా కొట్టాలట."

ఆయన ముఖంలో ఏదో ఒక్క క్షణం ఆగింది. వెంటనే కదిలింది.

"ఓహో, బేరానికొచ్చావా? సరే. కేసు వెనక్కి తీసుకో. నీ మూడో పేజీ నీకొస్తుంది, నా ఏడో పేజీ నాకొస్తుంది. ఇద్దరం ముఖాలు కడుక్కుని ఎవరిళ్ళకి వాళ్ళం పోదాం."

"నేను బేరానికి రాలేదు."

"మరి ఏడవడానికొచ్చావా? నా గుమాస్తాని ఎత్తుకుపోయావు కదా, అనుభవించు. లోకానికి గోప్యత పాఠాలు చెబుతావు, నీ ట్రేలో ఏముందో నీకు తెలియదు. రెండున్నరకి కనబడు."

* * *

ఈత కొలను పక్కన తడి బండల మీద చెప్పులు జర్రున జారుతున్నాయి. లోతు తక్కువున్న వైపు ఆరుగురు నడివయసు ఆడవాళ్ళు గోడ పట్టుకుని, ముఖం నీళ్ళలో ముంచి తేలుతున్నారు.

"బుడగలు! ముక్కుతో బుడగలు వదలండి. ఊపిరి దాచుకుంటే తేలరు!" అని అరుస్తోంది ఈత టీచరు ఒడ్డున నిలబడి. ఎడమ మణికట్టుకి నల్లటి పట్టీ. ఇంకా నీళ్ళలోకి దిగొద్దన్నారు డాక్టర్లు.

లాయరమ్మ నిలబడే చెప్పింది. ఎక్కడా ఆగలేదు, గుమాస్తా మీదికి తోసేయలేదు. "నా ఆఫీసు నుంచి పోయింది. నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు" అని ముగించింది.



"ఎప్పుడు తెలిసింది మీకు?"

"పదీ నలభైకి."

కొలను గోడకున్న పెద్ద గడియారంలో పదకొండూ ముప్పావు. "ఇక్కడికి పావుగంట దారి. మిగతా టైమంతా ఏం చేశారు?"

"ఎదుటి లాయరు దగ్గరికెళ్ళాను. కాగితం వెనక్కి తెచ్చి అప్పుడు మీకు..."

"అంటే నా అడ్రసు పోయిందని నాకంటే ముందు వాళ్ళకి చెప్పారు. దొరికుంటే? దొరికుంటే నాకు అసలు చెప్పేవారేనా?"

 ఏ జవాబిచ్చినా అబద్ధంలాగే ఉంటుందనిపించింది లాయరమ్మకి. "తెలియదు" అంది.

"మీ ఫిర్యాదులో పదిహేనో పేరా నాకు నోటికొచ్చు. చేతికట్టు విప్పేదాకా రోజూ చదువుకున్నాను. తప్పు జరిగినందుకు కాదు, జరిగిందని తెలిసీ దాచినందుకు అడుగుతున్నాం అని రాశారు. ఎంత బాగా రాశారండీ! కంపెనీవాడు తెలియనివాడు. మీకేం రోగం? ఆ పేరా మీరు రాసిందే కదా."

నీళ్ళలో ఒకావిడ తలెత్తి, "టీచర్, నా బుడగలు వస్తున్నాయా?" అంది. టీచరు అటు తిరిగి, ఇంతసేపూ అరిచిన గొంతు తనది కానట్టు, "వస్తున్నాయమ్మా, చక్కగా వస్తున్నాయి. ఇంకోసారి" అంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆ మెత్తదనం లేదు.

"కేసు వెనక్కి తీసుకుంటే కాగితం ఇస్తానంటున్నారు. నిర్ణయం మీది. ఇంకో లాయరుని పెట్టుకుంటానన్నా ఫైలు ఈ సాయంత్రమే ఇచ్చేస్తాను" అంది లాయరమ్మ.

"వెనక్కి తీసుకుంటే ఆయన చూసిన చూపు కూడా వెనక్కొస్తుందా?"

"రాదు."

"మరి దేనికి తీసుకోవాలి, మీ పరువుకా? ఈ రాత్రికి అక్క ఇంటికి పోతాను. రెండున్నరకి నేనూ వస్తాను, మీ వెనకే కూర్చుంటాను. ఇప్పుడు నాకు చెప్పిందంతా అక్కడ మీ నోటితో చెప్పండి. ఒక్క ముక్క మింగారంటే నేనే లేచి చెబుతాను."

* * *

విచారణ గది ఇరుకు. ఫైళ్ళు బీరువాలు నిండి కిటికీ గట్టు మీదికెక్కాయి. అధ్యక్షురాలికి జలుబు చేసినట్టుంది, రుమాలు చేతిలోనే ఉంది. పక్కన సభ్యుడు ఏదో రాసుకుంటున్నాడు.

మేనమామ ముందు లేచాడు. "అడ్రసు లేని ఫిర్యాదు చెల్లదండీ. ఫిర్యాదుదారు ఇంటి అడ్రసు రికార్డులో పెట్టి, మాకో ప్రతి ఇవ్వమని ఆదేశించండి."

లాయరమ్మ లేచింది. వెనక వరసలో టీచరు ఊపిరి ఆమెకి వినిపిస్తోంది.

"దానికి జవాబు చెప్పే ముందు ఒక సంగతి చెప్పాలి. మొన్న ఎదుటిపక్షానికి నేనిచ్చిన కాపీలో మూడో పేజీ వెనకవైపు నా క్లయింటు అడ్రసు ఉంది. పాత చిత్తు మీద అచ్చువేశాం. పొరపాటు పూర్తిగా నా ఆఫీసుది. నాకు ఇవాళ పదీ నలభైకి తెలిసింది, ఆవిడకి ఒక గంట ఆలస్యంగా చెప్పాను. ఆ ఆలస్యమూ తప్పే."

సభ్యుడు రాయడం ఆపేశాడు. వెనక గుమాస్తా తల దించుకున్నాడు.

"ఎదుటిపక్షం ఈ పొద్దున నాకిచ్చిన కాపీలో ఏడో పేజీ వెనక వాళ్ళ కంపెనీ వినియోగదారులు పద్నాలుగు మంది వివరాలున్నాయి. అది ఈ కవర్లో పెట్టి సీలు వేశాను. ఒకసారి చూశాను, కాపీ తీయలేదు. పైకి చదవను, ఎత్తి చూపించను. ఆ పద్నాలుగు మందికీ కంపెనీ వెంటనే చెప్పేలా చూడమని మాత్రం అడుగుతున్నాను."

జెండాలా ఎగరేయాల్సిన కాగితం కవర్లో పడుకుని బల్ల మీదికి పోయింది. గుమాస్తా దానివైపే చూస్తూ ఉండిపోయాడు.

అధ్యక్షురాలు మేనమామవైపు తిరిగింది. "వెనకవైపు సంగతి మీకు తెలుసా?"

"తెలుసండీ."

"కంపెనీకి పంపారా? రికార్డు మీద చెప్పండి."

 మేనమామ తీరిగ్గా సంచి విప్పి, ఒక కాగితం తీసి, తనే నడిచి వెళ్ళి బల్ల మీద పెట్టాడు. అది మూడో పేజీ. వెనకవైపు మందపాటి ముదురురంగు అట్టకాగితం నాలుగంచులా బంకపెట్టి అంటించి ఉంది. నాలుగు మూలలా అతుకు మీదుగా ఆయన సంతకం. తారీఖు మొన్నటిది.

"పంపలేదండీ. తిరగేయగానే ఏమిటో అర్థమైంది, పూర్తిగా చదవలేదు, మూసేశాను. కంపెనీకి మిగతా మూడు పేజీలే వెళ్ళాయి. మూడోది సరిగా అచ్చు కాలేదు, మళ్ళీ తెప్పిస్తానని రాశాను." గొంతు సవరించుకున్నాడు. "దీన్ని దయ అనుకోనక్కర్లేదు. నా క్లయింటు నెత్తిమీద ఇంకో కేసు పడకూడదని చేశాను. అడ్రసు గురించి నా అభ్యంతరం అలాగే ఉంది."

"ఉండనివ్వండి" అంది అధ్యక్షురాలు, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "రెండు ఆఫీసులు ఒక కాగితాన్ని సరిగా దాచుకోలేకపోయాయి. ఇప్పుడు ఆ అడ్రసు మాది మూడో ఆఫీసు, ఇక్కడ కూడా పెట్టమంటారా? అక్కర్లేదు. నోటీసులు లాయరు ద్వారానే వెళతాయి. ఆ పద్నాలుగు మందికీ రెండు రోజుల్లో కంపెనీ తెలియజేయాలి. ఇద్దరు లాయర్ల నిర్లక్ష్యమూ ఉత్తర్వులో రాస్తున్నాం. ఎవరికైనా బాధ కలిగితే మంచిదే."

బయట వరండాలో లాయరమ్మ మేనమామకి అడ్డంగా నిలబడింది. "పంపలేదని పొద్దున ఒక్క మాట అనలేకపోయారా? ఆవిడ ప్రాణం ఎలా కొట్టుకుందో తెలుసా?"

"తొమ్మిదేళ్ళలో నువ్వు నన్ను ఒక్కటీ అడగలేదు. ఇవాళ అడిగావు. కాసేపు అడగనిద్దామనిపించింది."

"మీరు మారరు."

"నువ్వు మాత్రం? ట్రే తీసుకుపోయావు కదా" అని, గోడ దగ్గర నిలబడ్డ గుమాస్తావైపు చూడకుండానే ఆయన మెట్లు దిగిపోయాడు.

టీచరు అంతా వింది.  రోడ్డు దాటి లాయరమ్మ వెనకే ఆఫీసుకొచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏదీ, ఆ ట్రే?"

గుమాస్తా పచ్చరంగు ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాడు. జానెడెత్తు కాగితాలు. ఎవరెవరివో పేర్లు, జబ్బులు, ఇంటి నంబర్లు, అన్నిటి మీదా ఒక్కో గీత. ఆవిడ పై కాగితం తీసి చింపబోయింది. కుడిచెయ్యి లాగింది గానీ, పట్టీ వేసిన ఎడమచేతి వేళ్ళు కాగితాన్ని నిలబెట్టలేక వదిలేశాయి. కాగితం నేలమీద పడింది. ఆవిడ పళ్ళు బిగించింది.

లాయరమ్మ వంగి కాగితం తీసి, ఒక అంచు తను పట్టుకుని రెండో అంచు ఆవిడవైపు చాపింది. టీచరు ఆ అంచుని కాసేపు చూసి, అందుకుంది.

"నేను మళ్ళీ ఇల్లు మారుతున్నాను. కొత్త అడ్రసు మీకు చెప్పను" అంది.

"చెప్పొద్దు."

"కేసు మాత్రం మీరే నడపాలి. తప్పించుకోనివ్వను."

"సరే."

గుమాస్తా నోరు విప్పాడు. "అమ్మా, కింద ఉన్నవి కొన్ని పూర్తిగా ఖాళీ..."

ఇద్దరూ ఒకేసారి ఆయనవైపు చూశారు. ఆయన నోరు మూసుకుని చెత్తబుట్ట దగ్గరికి జరిపాడు.

"గట్టిగా పట్టుకోండి" అని, టీచరు కుడిచేత్తో కాగితాన్ని తనవైపు లాగింది.